నాకంటే ముందు బయల్దేరిన పెట్టె

ఎదురుచూడటం కూడా ఒక ఉద్యోగమేనని నాకు పాతికేళ్ళ వయసులో తెలిసింది. అప్పట్లో నాకు వేరే ఉద్యోగం లేదు కూడా. గుడివాడ దగ్గర చేపల చెరువులకు మోటార్లు బిగించే కంపెనీలో మానేశాను. మురుగునీటి పంపులు తయారుచేసే ఇంకో కంపెనీలో చేరడానికి ఎండలు ముదిరేదాకా గడువుంది. ఆ మధ్య దొరికిన ఖాళీలో నెదర్లాండ్స్ చూసి రావాలన్నది నా పథకం. పాలిటెక్నిక్‌లో పంపుల పాఠం చెబుతూ మా మాస్టారు ఒకసారి ఆ దేశాన్ని బోర్డు మీద అడ్డకోతలో గీశారు. పైన సముద్రం, పక్కన కట్ట, కట్టకు ఇవతల సముద్రం కంటే దిగువన నేల, ఆ నేల మీద తాపీగా మేస్తున్న ఆవు. నా పక్కవాడు నిద్రపోయాడు, నేను ప్రేమలో పడ్డాను. (నా ఈడు కుర్రాళ్ళు వేరేవాటితో ప్రేమలో పడతారని తెలుసు. నాకు కట్టలూ తూములూ రాసిపెట్టి ఉన్నాయి.) అప్పట్నుంచీ అదే కల. కొత్త కంపెనీవాళ్ళు, చేరాక రెండేళ్ళదాకా సెలవు మాట ఎత్తొద్దని ముందే చెప్పేశారు కాబట్టి, ఇప్పుడు వెళ్ళాలి, లేదా ఇంకెప్పుడో అన్నట్టుగా ఉంది పరిస్థితి.

హైదరాబాదు వెళ్ళి వీసాకి కాయితాలిచ్చి, పాస్‌పోర్టు అక్కడే వదిలి, బందరులోని మా ఇంటికి వచ్చి పెట్టె సర్దేశాను. వీసా రాకముందే పెట్టె ఏమిటని మా అమ్మ అడిగింది. సర్దడం ఒక విడి పని, వీసా ఒక విడి పని, రెండూ ఏకకాలంలో జరగొచ్చని వివరించాను. నా దగ్గరున్న పనికొచ్చే వస్తువులన్నీ వర్గాలుగా విడదీసి, బరువైనవి చక్రాల వైపు వచ్చేలా పేర్చి, మూత బిగించి, గర్వంగా హాల్లో నిలబెట్టాను. దాన్ని చూసిన మా అమ్మమ్మ పంచాంగం తెచ్చుకుని కూర్చుంది.

"ఎటు వెళ్తున్నావురా నువ్వు?"

"నెదర్లాండ్స్ అమ్మమ్మా. ఎన్నిసార్లు చెప్పాను?"

"దేశం కాదు, దిక్కు."

నాకా ప్రశ్న నచ్చింది. గోడమీది పటంలో చూస్తే ఒకలా కనబడుతుంది గానీ, భూమి గుండ్రన కాబట్టి విమానం బయల్దేరే దిక్కు వేరుగా ఉంటుంది. కాగితం మీద లెక్క కట్టి వాయవ్యమని తేల్చాను.

"మూల చెబితే ఎలా? పడమరా, ఉత్తరమా?"

"రెండూ సగం సగం."

ఆవిడ నిట్టూర్చి వేళ్ళు మడిచి, వచ్చే గురువారం బాగుందనీ, ఆ తరవాత మూఢం వచ్చేస్తోందనీ చెప్పింది. అప్పటికి వీసా రాదన్నాను. "రాకపోతే నువ్వు ఆగు. పెట్టె వెళ్తుంది. పరస్థానం పెడదాం," అంది.

తెలియనివాళ్ళకు చెబుతాను. ప్రయాణానికి మంచిరోజు ముందే వచ్చేసి, మనిషి ఆ రోజు కదలడానికి వీల్లేకపోతే, అతని సామాను ఆ ముహూర్తానికి ఇల్లు దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మనిషి తరవాత తీరిగ్గా వెళ్ళి దాన్ని కలుసుకుంటాడు. విన్నప్పుడు నాకు చాలా సాంకేతికంగా, చక్కగా అనిపించింది. గురువారం పొద్దున్న కొబ్బరికాయ కొట్టి, పెట్టెను దొర్లించుకుంటూ పక్కింటి అత్తయ్యగారి సావిట్లో పెట్టి వచ్చాను. అప్పుడు చెప్పింది అమ్మమ్మ మిగతా నిబంధనలు. పెట్టె తిరిగి మా గడప తొక్కకూడదు. అందులోంచి తీసినదేదీ కూడా తొక్కకూడదు. కావాలంటే ఆ పెట్టె ఉన్న ఇంట్లోనే వాడుకుని, అక్కడే మళ్ళీ సర్దేయాలి.

మర్నాడు గడ్డం గీసుకోబోతే తెలిసింది, నేను సర్దినది సామాను కాదు, నా జీవితం అని. ట్రిమ్మర్, గోళ్ళు కత్తిరించుకునేది, మంచి చొక్కాలు, చేతి దీపం, స్క్రూడ్రైవర్ల సెట్టు, కెమెరా దుమ్ము దులిపే మెత్తని బ్రష్షు, అన్నీ పక్కింట్లో ఉన్నాయి. కొత్తవి కొనుక్కోవచ్చుగా అంటారు మీరు. ఒకే పని చేసే వస్తువులు రెండు ఉండకూడదన్నది నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కోసం నేను రోజూ తువ్వాలు భుజాన వేసుకుని గోడ చుట్టూ తిరిగి పక్కింటికి గడ్డం గీసుకోవడానికి వెళ్ళేవాణ్ణి.

అలా వెళ్ళడం వల్లే అత్తయ్యగారి పెరడు నాకు పరిచయమైంది. పుట్టినప్పట్నుంచీ గోడవతల ఉన్నదే, ఎప్పుడూ చూడలేదు. బందరులో భూమిలో నీళ్ళు ఉప్పన. ఆవిడ కుళాయి నీళ్ళు పట్టి, బియ్యం కడిగిన నీళ్ళు కలిపి, చెంబుతో కొలిచినట్టు పోసేది. తొట్లలో తోటకూర, మూలన కరివేపాకు, పందిరి మీద సొరపాదు. పాదు బ్రహ్మాండంగా పాకింది గానీ పిందెలన్నీ వేలంత అయ్యేసరికి పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి. "దిష్టిరా అబ్బాయ్. పాత చెప్పు కూడా కట్టాను, లాభం లేదు," అంది. నేను గడ్డం సగంలో ఆపి పందిరి కిందకి వెళ్ళాను. పని లేని ఇంజినీరు ముందు సమస్య చెప్పకూడదు.

సొరపువ్వు తెల్లగా, పొద్దు వాలాక విచ్చుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ఒక్క పురుగూ రాలేదు. వీధిలో కొత్తగా పెట్టిన దీపం చుట్టూ మాత్రం బోలెడన్ని ఉన్నాయి. సంగతి అర్థమై, పెట్టెలోంచి కెమెరా బ్రష్షు తీసుకొచ్చాను.

"ఏం చేస్తున్నావురా దాంతో?"

"పుప్పొడి అద్దుతున్నానండీ. ఇది మగపువ్వు, దీని కింద బుల్లి సొరకాయ ఉంది చూడండి, ఇది ఆడపువ్వు."

"చాల్లే ఊరుకో. పొద్దుగూకే వేళ ఏం మాటలురా అవి," అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తూనే ఉంది.

రోజూ సాయంత్రం అదే పని. నాలుగు పిందెలు నిలిచాయి. వాటికి నూలు పురి చుట్టి ఎంత పెరిగాయో కొలిచేవాణ్ణి. వీసా సైట్ తెరిచి చూడటం పొద్దున లేవగానే జరిగే పని కాస్తా, సొరకాయలు కొలిచాక గుర్తొస్తే చేసే పనయింది. (గుర్తు రాని రోజులూ ఉన్నాయి. రాసుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంది.) మొదటి కాయ కోసిన రోజు అత్తయ్యగారు పాలుపోసి కూర వండి పంపింది. అమ్మమ్మ తింటూ, "పెట్టె అక్కడ పెట్టి పక్షం కావొస్తోంది. ఒకేచోట అంతకు మించి ఉంటే ఫలం పోద్ది. కదిలించాలి," అంది.

"ఇంటికా?"

"వెనక్కి కాదు, ముందుకి."

అలా నా పెట్టె పాసింజరు బండెక్కి పెడనలో మా పిన్ని ఇంటికి చేరింది. వాళ్ళది కలంకారీ అద్దకం. పెరటినిండా ఉడికించిన రంగుల వాసన, తాళ్ళ మీద ఆరే బట్టలు, వాటి మధ్య మునగచెట్టు. గడ్డానికి వారానికి రెండుసార్లు రైలెక్కేవాణ్ణి. పిన్నితో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడంలో ఒక లయ ఉంటుందనీ, ఎర్ర రంగు గుడ్డ మీద వేసేటప్పుడు ఎర్రగా ఉండదనీ, ఉడికాకే బయటపడుతుందనీ అక్కడ తెలుసుకున్నాను. ఎందుకలా అని అడిగి అడిగి పిన్నిని విసిగించాను. "నువ్వు ఆ దేశం వెళ్తే వాళ్ళ సంగతి ఏమైపోతుందో," అనేది.

ఇంకో పక్షానికి పెట్టె గుడివాడలో మావయ్య ఇంట్లో ఉంది. మావయ్య డాబా నిండా చామంతి కుండీలు. సాయంత్రాలు ఇద్దరం నీళ్ళు పోసి, మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చునేవాళ్ళం.

"ఏరా అల్లుడూ, తరవాత బెజవాడా?" అన్నాడొకరోజు.

"అంతే అనుకుంటా మావయ్యా."

"తరవాత హైదరాబాదు. ఆ పైన దుబాయి. ఈ లెక్కన నువ్వెళ్ళినా వెళ్ళకపోయినా అది మాత్రం వెళ్ళిపోద్ది. అక్కడ దిగాక ఫోన్ చెయ్యమని చెప్పు."

నవ్వాను గానీ నా లోపల బెంగ మొదలైంది. కొత్త ఉద్యోగం తేదీ దగ్గర పడుతోంది. డాబా మీద కూర్చున్నా ఫోన్ మోగితే బజ్జీ వదిలేసి లేచేవాణ్ణి.

పాస్‌పోర్టు కవరు బందరు ఇంటికే వచ్చింది. విప్పితే వీసా లేదు, ఒక కాగితం ఉంది. నిరాకరించడానికి ఉండగల కారణాలన్నీ వరసగా అంకెలు వేసి ముద్రించి, నాకు వర్తించే దానికి ఎదురుగా ఒక టిక్కు పెట్టారు. కాగితం తయారీ నిర్దుష్టంగా ఉందని ఆ బాధలోనూ గమనించాను. గడువులోగా నేను వాళ్ళ దేశం విడిచి తిరిగి వెళ్తాననే నమ్మకం వాళ్ళకు కలగలేదట. ఆలోచిస్తే తప్పు వాళ్ళది కాదు. ఉద్యోగం మానేసినవాడు, పెళ్ళి కానివాడు, తూములు చూడటానికి వస్తున్నానని రాసినవాడు. నేనైనా నమ్మను. అత్తయ్యగారి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ పూట ఏదీ కొలవలేదు.

మావయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"వాళ్ళ తాతలు మన బందరొచ్చి వర్తకానికి కోఠీలు కట్టుకున్నప్పుడు మనం ఇలాంటి కాయితాలు అడిగామా? ఎప్పుడెళ్తారని అడిగామా? కొంతమంది అసలు వెళ్ళనే లేదు. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి కదరా మీ ఊళ్ళో."

"ఆ సంగతి వాళ్ళకి గుర్తున్నట్టుంది మావయ్యా. అందుకే అడుగుతున్నారు."

సాయంత్రం బండికి వెళ్ళి పెట్టె తెచ్చుకుంటానని అమ్మమ్మతో అన్నాను. ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ తల అడ్డంగా ఊపింది.

"ప్రయాణం కాకుండా ఆ పెట్టె గడపలోకి రాకూడదు."

"ప్రయాణం లేదని చెబుతున్నాగా అమ్మమ్మా."

"ఆ దేశానికి లేదు. విదేశమంటే ఏంటి, నీళ్ళు దాటి అవతలికెళ్ళడమేగా? మా ఎదురుమొండికెళ్ళు. పంటెక్కి నీళ్ళు దాటి, పెట్టెతో సహా నేల మీద దిగి, తిరిగిరా. అయిపోద్ది."

ఎదురుమొండి అమ్మమ్మ పుట్టిన లంక, దివిసీమ చివర. ఎక్కడో ఉన్న కట్టల ఎత్తులు కంఠస్థం చేసినవాణ్ణి, మా అమ్మమ్మ పుట్టిన నేల ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. అది ఆవిడ అనలేదు. నాకే తట్టింది, తట్టి ఊరుకోలేదు.

గుడివాడలో పెట్టె తీసుకుని, బస్సులు మారి, రేవు చేరి పంటెక్కాను. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీద మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, మనుషులు, మధ్యలో చక్రాల పెట్టె పట్టుకుని ఇస్త్రీ చొక్కాలో నేను. పక్కన ఖాళీ చేపల గంప మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఒకావిడ నన్నూ పెట్టెనూ చాలాసేపు చూసింది.

"ఎవరింటికి బాబూ?"

"ఎవరింటికీ కాదండీ. ఊరికే చూసి, సాయంత్రం పంటుకి వెళ్ళిపోతాను."

"ఇంత పెట్టేసుకునా?"

పరస్థానం, వాయవ్యం, వీసా వరసలో చెప్పాలంటే ఏరు చాలదు.

"ఇంట్లో అలిగొచ్చావా?" అంది గొంతు తగ్గించి. తగ్గించినా పంటంతా వినబడింది.

"లేదండీ. నిజంగా సాయంత్రం వెళ్ళిపోతాను."

"ఆ, వెళ్తావులే," అంది నమ్మకుండా. "రేవు పక్కనే మా ఇల్లు. వెళ్ళకపోతే అన్నానికి రా."

దిగి, పెట్టెను ఆవిడ గుమ్మంలో పెట్టి, కరకట్ట ఎక్కాను. ఒకవైపు ఉప్పునీరు, రెండోవైపు దానికంటే దిగువన పచ్చటి చేను, చేలో మేస్తున్న గేదె. కట్ట కింద ఒక తూము, దానికి ఏటి వైపు ఇనుప రెక్క. మనిషి తిప్పే చక్రం లేదు, మోటారు లేదు. పోటు వచ్చినప్పుడు నీటి ఒత్తిడికి రెక్క తనంతట తనే మూసుకుంటుందనీ, ఆటుకి ఏరు తగ్గితే లోపలి మురుగు తోసుకుని తనే తెరుచుకుంటుందనీ చూడగానే అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, చూడటం వేరు. అప్పుడు ఏరు పోటు మీద ఉంది. రెక్క మూసుకుని ఉంది. కట్ట మీద చతికిలబడి, ఆటు మొదలై నీరు తగ్గే దాకా చూస్తూ కూర్చున్నాను. రేవు వైపు నుంచి పంటు మోటారు చప్పుడు వినిపించింది. లేవాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే రెక్క అంచున సన్నగా బుడగలు మొదలయ్యాయి.

పంటు వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి ఆవిడ చేపల పులుసు కాచి, నా కోసం కంచం కడిగి బోర్లించి ఉంచింది. ఏమీ ఆశ్చర్యపోలేదు. "కూర్చో," అంది. ఇంటికి ఫోన్ చేసి రేపొస్తానని చెబితే అమ్మమ్మ కూడా ఆశ్చర్యపోలేదు, ఏ చేపో మాత్రం అడిగింది.

నెదర్లాండ్స్ ఇప్పటికీ చూడలేదు. చూస్తానేమో, కల అలాగే ఉంది. కానీ ఆ కాగితం మీద టిక్కు పెట్టిన అధికారి ఎక్కడైనా ఎదురుపడితే ఒక్క మాట చెప్పాలనుంది. నా గురించి మీ అంచనా తప్పు కాదండీ, దేశం విషయంలోనే కొంచెం పొరబడ్డారు అని.