గజ్జెలు ఆగినప్పుడు

బుధవారం మధ్యాహ్నం డొనాటిలా ముకాంకుసి పెళ్లి ఫొటోల పని పక్కన పెట్టి, భూతద్దంతో ఒక మగాడి కాలి గజ్జెలు చూస్తూ కూర్చుంది. ఆ మగాడు పటంలోనివాడు.

హుయే ఊళ్లో ఆ పటం చూడనివాళ్లు లేరు. చుట్టూ చిమ్మచీకటి. మధ్యలో ఇంటోరే అనే వీరనాట్యం ఆడే నర్తకుడు గాల్లో ఉన్నాడు. తలకు కట్టుకున్న తెల్లని నార జూలు నిప్పుచక్రంలా తిరుగుతోంది. ఒంటి అంచు పొడుగునా వెలుగు, వెనక బంగారు పొగ. ఆ ఫొటో తీసిన కరాసిరా చనిపోయి చాలాకాలమైంది. ఎలా తీశాడో ఎవరికీ చెప్పలేదు. ఆయన స్టూడియోనే ఇప్పుడు డొనాటిలా నడుపుతోంది.

కొత్త పంట పండుగ ఉముగనూరకు ఊరి నాట్యబృందం బ్యానర్ కట్టాలి. దాని మీద ఇప్పటి కుర్రాళ్లతో అలాంటి బొమ్మే కావాలన్నాడు బృందం పెద్ద సెబుహోరో. శనివారానికి రాకపోతే రాజధాని కిగాలీ నుంచి మనిషిని పిలిపిస్తానన్నాడు. ఊళ్లో అందరికీ గుర్తింపు కార్డు ఫొటోలు తీసే డొనాటిలాకు నాట్యం తీసే అవకాశం రావడం ఇదే మొదలు. పోతే మళ్లీ రాదని ఆమెకు తెలుసు.

ముందురోజు, మంగళవారం, బృందం నాట్యశాలలో ఫ్లాష్ పెట్టి తీసింది. జూలు పిండి ముద్దలా వచ్చింది. వెనక గోడకున్న క్యాలెండర్ మాత్రం తేదీలతో సహా చక్కగా పడింది.

"జూలు కాదిది, చీపురు" అన్నాడు సెబుహోరో. "అమ్మాయ్, మావాణ్ని ఊడవమన్నావా, ఆడమన్నావా?"

అందుకే ఈ భూతద్దం. గజ్జె గుండ్రంగా, నున్నగా ఉంటుంది, ఎదుట ఏ వెలుగున్నా అందులో కనబడుతుంది. కెమెరా దగ్గర ఫ్లాష్ వెలిగి ఉంటే ప్రతి గజ్జె నడుమా చుక్క ఉండాలి. ఒక్కదాంట్లోనూ లేదు. అన్నిటికీ ఎడమ అంచున వంకర తిరిగిన సన్నని గీత ఉంది. దీపమైతే అంత పొడుగు గీత రాదు. ఓరగా తెరిచిన తలుపు అది. అప్పుడూ ఇప్పుడూ అదే నాట్యశాల, ఒకప్పుడు కాఫీ గింజల గిడ్డంగి. పడమటి గోడకు పెద్ద తలుపు ఉంది. గాలి కోసం దాన్ని ఎప్పుడూ బార్లా తీసి ఉంచుతారు కనుక ఎవరికీ తట్టలేదు.

గురువారం సాయంత్రం ఎండ వాలాక కిటికీలన్నీ మూయించి, తలుపు జానెడు తెరిపించింది. నేల మీద బోర్లా పడుకుని కెమెరా పెట్టింది.

"అక్క మొసలైపోయింది. జాగ్రత్తరోయ్, కాళ్లు" అన్నాడు నర్తకుడు గటేరా.

అంచు వెలుగు వచ్చింది. బంగారు పొగ రాలేదు. పైగా ప్రతి ఫొటోలోనూ గటేరా నేల మీదే ఉన్నాడు.

"నేనంత ఎత్తు ఎగిరితే బస్సు కోసం నిలబడ్డవాడిలా తీశావేంటక్కా?"

"గజ్జె మోగగానే నొక్కుతున్నా కదా, ఇంకేం చేయను?"

"మోగిందంటే దిగిపోయానన్నమాటే."

ఆ ఊళ్లో నాట్యాన్ని చెవులతో చూస్తారు. గజ్జెతోపాటు చప్పట్లు కొట్టడం నడక నేర్చినప్పటి నుంచీ అలవాటు. ఆ చేత్తోనే కెమెరా నొక్కింది.

శుక్రవారం పొద్దున్న రోజూలాగే స్టూడియో ముందు నీళ్లు చల్లుతోంది. సందులోంచి పడే ఎండలో లేచిన దుమ్ము నీళ్లు పడగానే అణిగిపోయింది. చెంబు అక్కడే పెట్టి నాట్యశాలకు నడిచింది. వాకిట్లో సెబుహోరో కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతున్నాడు.

"ముజే, నిన్న నేలకు నీళ్లు చల్లించారా?" అక్కడ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు.

"చల్లించకుండా ఎలా? కెమెరాతో మనిషి వస్తుంటే దుమ్ములో కూర్చోబెడతామా?"

"రేపు చల్లొద్దు. ఊడవనూ వద్దు."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"ఆ బంగారు పొగ దుమ్మే, ముజే, మీ నీళ్లతో అణిగిపోయింది. కరాసిరా ఎవరికీ చెప్పకుండా వచ్చుంటాడు. చెబితే మీరు చల్లించి ఉండేవాళ్లు."

సెబుహోరో గింజల చేట పక్కన పెట్టాడు. "నిజమే, ఆవేళ పిలవకుండానే వచ్చాడు. నేల మురికిగా ఉందని మా ఆవిడ సిగ్గుపడిపోయింది" అన్నాడు.

శనివారం నాట్యశాల దుమ్ము కొట్టుకుని ఉంది. సెబుహోరో భార్య ఆ నేల చూడలేక ఇంటికి వెళ్లిపోయింది. ఎండ వాలే వేళ ధూళి మడమల కింద నుంచి లేచి తలుపు సందు వెలుగులో నిలబడింది. డొనాటిలా బోర్లా పడుకుంది. గజ్జెలు ఘల్లుమన్నాయి, ఆమె వేలు కదల్లేదు. మళ్లీ ఘల్లుమన్నాయి. ఆ తర్వాత చప్పుడు తెగింది. ఆ ఖాళీలో నొక్కింది.

కెమెరా వెనక తెర మీద గటేరా గాల్లో ఉన్నాడు. జూలు చుట్టూ తిరిగి అంచులకు నిప్పంటుకున్నట్టుంది. కాళ్ల కింద బంగారు పొగ.

సెబుహోరో కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు, మళ్లీ తుడుచుకుని చూశాడు.

"కిగాలీ వాడికి ఫోన్ చెయ్, రావద్దని" అన్నాడు గటేరాతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "లేమ్మా, మొసలీ. బట్టలన్నీ మట్టి."

గటేరా ఒక్క గెంతు గెంతాడు. ఈసారి చప్పట్లు కొట్టింది డొనాటిలా.

పండుగనాడు బ్యానర్ మార్కెట్ ఎదురుగా కట్టారు. ఎత్తు నాలుగు మీటర్లు.