గుట్ట కింద తిన్న అన్నం

మా తమ్ముడి బిడ్డ హైదరాబాదులో కంప్యూటర్ కొలువు చేస్తుంది. మొన్న శనివారం జనగామ వచ్చి, నా మంచం మీదనే లాప్‌టాప్ పెట్టుకొని, భూపాలపల్లి వైపు గుట్టలెక్కడానికి స్నేహితులతో ఫోన్‌లో మంతనాలు సాగించింది. జనం విరగబడి పోయే జలపాతాలు వాళ్ళకు వద్దట, రద్దీ లేని చోటు కావాలట, పిట్ట కూత తప్ప ఇంకో చప్పుడు వినపడకూడదట. "పెద్దబాపూ, గా దిక్కు నీకు ఎరికే గదా, మస్తు సైలెంట్ ఉంటదంట, నిజమేనా?" అని అడిగింది. ఉంటుంది బిడ్డా అన్నాను. ఆ నిశ్శబ్దంతో నాకు కొంచెం పరిచయం ఉంది గానీ, కొత్త బూట్లు కొనుక్కొన్న పిల్లకు సెలవు పూట చెప్పే ముచ్చట కాదని ఊరుకున్నాను.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మా కాలంలో ఆ గుట్టలు ఎక్కేవాళ్ళు మూడు రకాలు: మేకలు కాసేవాళ్ళు, తునికాకు కోసేవాళ్ళు, తిరిగి రానివాళ్ళు. ఈ మూడో రకం వాళ్ళను అన్నలని పిలిచేవారు. ఫలానావాడు వాళ్ళల్లో కలిశాడని మాత్రం ఎవరూ అనేవారు కాదు, "లోపటికి పోయిండు" అని గొంతు తగ్గించి ఊరుకునేవారు. సరదాకు గుట్టెక్కడమనే నాలుగో రకం అప్పటికింకా పుట్టలేదు.

మా మేనత్తకు ఒక్కడే కొడుకు, నాకు బావ. బచ్చన్నపేట పక్కన వాళ్ళ ఊరు. వాన పడితే పత్తి, పడకపోతే ఆకాశం. హన్మకొండలో ఇద్దరం ఒకే గదిలో ఉండి డిగ్రీ చదువుకున్నాం. పరీక్షకు పనికివచ్చే పుస్తకాలు నేను చదివాను, పనికిరానివి ఆయన చదివాడు, కాబట్టి నాకు గుమస్తా ఉద్యోగం వచ్చింది, ఆయన లోపటికి పోయాడు. మామ అంతకుముందే పోయినందువల్ల ఆ ఇంట్లో అత్త ఒక్కతే మిగిలింది. అడిగినవాళ్ళకు కొడుకు దూరం కొలువులో ఉన్నాడని చెప్పేది. అబద్ధమేమీ కాదు, దూరమే.

ఒక దసరా ముందు జనగామ పత్తి మార్కెట్టులో ఎవరో మా నాయిన చెవిన ఒక మాట వేసి జనంలో కలిసిపోయారు. పండుగ దాటినాక వచ్చే ఆదివారం పగటిపూట ఫలానా గుట్టకు వస్తే తల్లి కొడుకును చూసుకోవచ్చు. మనిషిని జ్వరాలు వదలడం లేదు, చూసేదుంటే ఇప్పుడే చూసుకోవాలి. అంతే కబురు. మా నాయిన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, తర్వాత నన్ను పిలిచి, డిగ్రీ చదివిన వాడివి గదా, ఎట్లా పోవాలో నువ్వే ఆలోచన చెయ్యమన్నాడు. చదువు ఇటువంటి వాటికి పనికివస్తుందని మా నాయినకు గట్టి నమ్మకం.

నేను ఆలోచించాను. జీపు మాట్లాడితే నలుగురి కళ్ళు పడతాయి, బస్సే మంచిది. హన్మకొండ దాకా ఒకటి, అక్కడి నుంచి పరకాల మీదుగా ఇంకొకటి, మిగిలింది నడక. పడుచువాడు ఒక్కడే గుట్టవైపు నడిస్తే ప్రమాదం గనుక నేను మా నాయినకూ అత్తకూ నడుమ, తల్లీతండ్రీ వెంట కొడుకులా నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పోవడానికి ఒక కారణం కావాలి. దానికి చెట్ల తీర్థం అందివచ్చింది. మా వైపు పంటలు ఇంటికొచ్చే రోజుల్లో ఇంటిల్లిపాదీ బియ్యం, కోడి, గిన్నెలు మోసుకొని ఊరి బయట చెట్ల కిందికి పోయి, అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి వండుకొని తిని వస్తారు. చెట్లకు పోతున్నామంటే ఎవరూ ఎందుకని అడగరు. ఈ ఉపాయం తట్టినప్పుడు నా మీద నాకే గౌరవం కలిగింది. గుట్ట దగ్గర పొగ లేపితే కొరివితో తల గోక్కున్నట్టే కాబట్టి పొయ్యి మాత్రం వద్దని, వంట ఇంటి దగ్గరే కానిచ్చి మూట కట్టుకుందామని మా నాయిన ఒక సవరణ చేశాడు. ఆ సవరణకు నేను ఒప్పుకున్నాను.

అత్తను నలుగురికి సరిపోను వండమన్నాను. ఆదివారం తెల్లవారి చూస్తే పెద్ద బగోనె నిండా కోడికూర, గంప నిండా జొన్నరొట్టెలు, ఇంకో మూటలో రొట్టె, బెల్లం కలిపి దంచి కట్టిన మలీద ముద్దలు. పెళ్ళివారికి సరిపోతాయి. ఇదేమిటత్తా అంటే నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "వాని పక్కపొంటి ఉన్నోళ్ళు నోళ్ళు తెరుసుకొని సూస్తుంటె నా కొడుకొక్కడు తింటడారా? తింటె దిష్టి తాకదా?" అన్నది. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి బగోనె నేనే ఎత్తుకున్నాను.

బస్సు దిగి నడిచి గుట్ట కిందికి మలుపు తిరిగామో లేదో, ఇప్పచెట్టు కింద పోలీసులు కూర్చొని ఉన్నారు. వాళ్ళల్లో పెద్దాయన మానుకోట దిక్కు మనిషని మాటను బట్టి తెలుస్తూనే ఉంది. కోపం లేదు, తొందర కూడా లేదు. ఎక్కడికని అడిగాడు. చెట్లకు పోతున్నామని మా నాయిన చెప్పాడు. ఆయన లేచి వచ్చి బగోనె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టాడు.

"చెట్లకు పోయేటోళ్ళు ఆడ వండుకుంటరు గదనే పెద్దమనిషీ. బియ్యమేవి? కట్టెలేవి? నేను పుట్టినకాడికెల్లి వండుకొని చెట్లకు పోయినోళ్ళను సూడలే."

ఆయన ఎక్కడో బయటి రాష్ట్రంవాడై ఉంటే గట్టెక్కేవాళ్ళం. మా ఖర్మకు మావాడే అయ్యాడు. తర్వాత గంపలోకి తొంగి చూసి, ముగ్గురికి గిన్ని రొట్టెలేందవ్వా అన్నాడు. మా నాయిన తలగుడ్డ సర్దుకున్నాడు, నేను బగోనె మూత సరిచేశాను. అత్తే తలెత్తి, "మాది తిండిపోతుల కొంప బిడ్డా, గిది మాకే సాలది" అన్నది.

"గట్లనా? అయితే ఈడనే కూసొని తినుండ్రి. మేం సూస్తం."

ఆ ఇప్పచెట్టు కింద మేం ముగ్గురం వరుసగా కూర్చొని తిన్నాం. మా అత్త పెళ్ళయిన నాటి నుంచి ఎవరి ముందరా అన్నం తిని ఎరుగదు. అందరూ లేచినాక గిన్నె అడుగున మిగిలింది, పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి తినే మనిషి. మొదటి ముద్ద ఆమెకు దిగలేదు. పెద్దాయన రాయి మీద కూర్చొని బీడీ ముట్టించి, "ఏందవ్వా, దిగుతలేదు? ఎవలకన్న దాస్తున్నవా?" అన్నాడు. ఆ మాటతో ఆమె తినడం మొదలుపెట్టింది. రొట్టె తర్వాత రొట్టె, ముక్క తర్వాత ముక్క, కొడుకు వాటా, కొడుకు పక్కనున్నవాళ్ళ వాటా, గుట్టవైపు ఒక్కసారి కూడా తలెత్తకుండా తిన్నది. నేను, మా నాయిన చేతనైనంత సాయం చేశాం. గుట్ట నీడ వచ్చి మా మీద పడేదాకా తిన్నాం. చెప్పిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

చివరకు ఒక్క మలీద ముద్ద అత్త కొంగున ముడివేసుకున్నది. పెద్దాయన చూశాడు.

"ఇంటికాడ పిలగాండ్లున్నరా అవ్వా?"

"ఉన్నడు బిడ్డా, ఒక్కడు."

ఆయన మొహం అటు తిప్పుకొని, బస్సు దొరకదు, తొందరగా పోండి అన్నాడు. ఆయనకు అంతా తెలిసి అట్లా చేశాడా, తెలియక చేశాడా, నేను ఇప్పటిదాకా తేల్చుకోలేదు. తెలిసి చేస్తే దయ, తెలియక చేస్తే డ్యూటీ. మాకు మాత్రం రెండూ ఒకే రుచిగా ఉన్నాయి. స్టేషన్ ఘన్‌పూర్ దాటకముందే బస్సు ఆపించి, అత్త రోడ్డు పక్కన కూర్చొని తిన్నదంతా కక్కుకున్నది. కొంగు ముడి మాత్రం తడవకుండా ఎత్తి పట్టుకున్నది.

బావను మేం మళ్ళీ చూసింది మరుసటి వానాకాలం పోయినాక, మానుకోటలో. గుర్తుపట్టడానికి రమ్మని కబురొచ్చింది. అత్త కాళ్ళు చూసి గుర్తుపట్టింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

చాలా ఏండ్ల తర్వాత, లోపటి నుంచి బయటికొచ్చి చిన్న కొట్టు పెట్టుకున్న ఒకాయన జనగామలో కలిసి, ఫలానావాడి బామ్మర్దివి గదా అని నన్ను పక్కకు పిలిచాడు. ఆ ఆదివారం వాళ్ళు గుట్ట మీదనే ఉన్నారట. కింద పోలీసులుంటే దిగలేక, దుర్భిణి పెట్టుకొని చూశారట. జ్వరంతో వణుకుతూనే బావ ఆ దుర్భిణి ఇంకెవరికీ ఇవ్వలేదట. "మా అవ్వ తినంగ సూసుడు నాకు గిదే మొదలుర అన్నడు. నవ్విండు. మల్ల జరసేపటికి ఏడ్సిండు" అన్నాడాయన.

ఆ సంగతి మోసుకొని బచ్చన్నపేట బస్సెక్కాను. అత్త అప్పటికే చాలా ముసలిదయింది. అంతా విని ఒక్కటే అడిగింది. "కడుపునిండ తింటున్నట్టె కనపడ్డనా వానికి?"

కనపడ్డావట అత్తా అన్నాను. అట్లయితే మంచిదే అన్నది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

ఇటు నా మంచం మీద మా తమ్ముడి బిడ్డ తిండి సంగతికి వచ్చింది. బరువు ఉండొద్దని, బాదంపప్పు చాలని వాళ్ళ తీర్మానం. నేను ఇంట్లో చెప్పి మలీద ముద్దలు కట్టించాను. ఇన్నెందుకు పెద్దబాపూ, మేం నలుగురమే అన్నది. గుట్ట మీద కోతులుంటయి బిడ్డా, అవి చూస్తుంటే మీరొక్కరే తినొద్దు అన్నాను. నవ్వి, బ్యాగులో పెట్టుకున్నది.

వాళ్ళు పోయేది ఆ గుట్టకేనట. ఆ ఇప్పచెట్టు మలుపులో ఇప్పుడు కార్లు ఆపుకొనే జాగా, చాయ్ కొట్టు ఉన్నాయట. బగోనె మూత తీసి చూసేవాళ్ళు లేరు, గుట్టెక్కడానికి కారణం చెప్పాల్సిన పని లేదు, ఎక్కినవాళ్ళు పొద్దుగూకేసరికి దిగివచ్చి ఇండ్లకు చేరుకుంటున్నారు. మంచి కాలం, కాదనను. మరునాడు, ఆదివారం సాయంత్రం ఆ పిల్ల ఫోన్ చేసింది. గుట్ట మీద ఒక్క కోతి కూడా లేదట. మిగిలిన ముద్దలు అక్కడే ఒక బండ మీద పెట్టి వచ్చిందట, పరవాలేదా అని అడిగింది.

పరవాలేదు బిడ్డా అన్నాను.