సాంచెల మోతలో ఒక జవాబు

మా ఇంట్లో ఫోనెత్తి మాట్లాడుకోవడం తక్కువ, మోగించి పెట్టేయడం ఎక్కువ. నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. ఒక్క సాంచ ఆడుతుంటేనే పక్కనున్న మనిషి మాట వినపడదు. అలాంటివి వరసగా ఆడే కార్ఖానాలో హలో అనడం దండగ. అందుకని అవ్వ ఒకసారి మోగించి పెట్టేస్తే బువ్వ తయారైందని అర్థం, రెండుసార్లయితే ఇంటికి చుట్టాలొచ్చారని. ఆగకుండా మోగుతూనే ఉంటే ఉన్నపళంగా రమ్మని. చొక్కా జేబులో ఫోను వణికితే బాపుకు తెలిసిపోతుంది.

ఎంతసేపు మాట్లాడినా ఒకటే ఖర్చయిన ఈ రోజుల్లో ఇంకా మిస్డ్ కాల్ ఏమిటని నా తోటి లెక్చరర్లు నవ్వుతారు. పొదుపు కాదు తల్లీ, మోత అని చెప్పి చెప్పి విసిగిపోయాను. వాళ్లకు నా గొంతు మీద కూడా ఫిర్యాదే. సిరిసిల్లలో పెరిగినవాళ్లం మామూలుగా మాట్లాడినా బయటివాళ్లకు కొట్లాటలాగే వినపడుతుంది. నేను కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను, జగిత్యాలలో గది తీసుకుని ఉంటాను, ఆదివారాలు ఇంటికి వెళతాను. నా గొంతు వల్ల ఆ ఇంటి ఓనరమ్మతో ఇప్పటికే రెండు పేచీలయ్యాయి.

మా తాతది వీర్నపల్లి దిక్కు. తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. బాపుకు చెట్టెక్కే మోకు పట్టుకుంటేనే కళ్లు తిరిగేవట. అందుకే సిరిసిల్ల వచ్చి సాంచెల్లో చేరాడు. చెట్టు మీంచి పడే గండం తప్పింది గానీ, చెవులు ఆ మోతలోనే పోయాయి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని మన పెదవులు చూస్తూ మాట్లాడతాడు. మనం పక్కకు తిరిగితే మాట సగంలో తెగిపోతుంది.

అవ్వ బీడీలు చేస్తుంది. ఆమెకు షుగరుంది. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే, ఈ కట్ట అయ్యాక తింటా, ఆ కట్ట అయ్యాక తింటా అంటూ బువ్వ సంగతే మర్చిపోతుంది. షుగరు గోలీ మాత్రం వేళకు వేసుకుంటుంది. పోయిన ఎండాకాలం అట్లాగే షుగరు పడిపోయి, చాట మీదే ఒరిగిపోయింది. చేతికందిన ఫోనుతో బాపుకు మోగించింది, మళ్లీ మళ్లీ మోగించింది. ఉక్కకు బాపు చొక్కా విప్పి మేకుకు తగిలించి బనీను మీద పని చేస్తున్నాడు. ఫోను ఆ చొక్కా జేబులో వణుకుతూనే ఉంది. అరిస్తే పక్కింటివాళ్లకైనా వినపడాలి కదా అంటారేమో, మా గల్లీలో అటూ ఇటూ అన్నీ సాంచెలే. బువ్వకు పిలుపు రాలేదేమిటని బాపు తనంతట తానే ఇంటికొస్తే అవ్వ కనబడింది. దవాఖానాలో గ్లూకోజు ఎక్కించాక లేచి కూర్చుంది.

ఆ కబురు నాకు కోరుట్లలో అందింది. ఇంకోసారి ఇట్లా అయితే బాపుకు వేళకు తెలుస్తుందా? బస్సులో సిరిసిల్ల దాకా అదే ఆలోచన. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మేకు మీద కోపం, చొక్కా మీద కోపం, కట్ట కట్ట అంటూ బువ్వ మానేసే అవ్వ మీద మరీ కోపం.

క్లాసులో నేను చెప్పే పాఠమే అక్కరకొస్తుందని అప్పుడు తట్టింది. ఒక ప్రోగ్రాము తలుపు దగ్గర కాచుకుని కూర్చుంటుంది, దాన్ని సర్వర్ అంటాం. ఇంకోటి దాని చిరునామా వెతుక్కుంటూ వచ్చి తలుపు తడుతుంది, అది క్లయింటు. ఇద్దరి మధ్య మాటలు నడవడానికి తెరుచుకునే దారికి చెరోవైపున్న కొసే సాకెట్. మా పిల్లలు రాసే క్లయింట్లు ‘హలో’ పంపుతాయి, ‘హలో’ అందుకుంటాయి. పరీక్షలో మార్కులు పడతాయి, అంతటితో సరి.

జగిత్యాలలో టీవీలు బాగుచేసే దుకాణంలో వైఫై ఉన్న చిన్న బోర్డులు రెండు, ఒక మీట, ఒక ఎర్ర బల్బు తీసుకున్నాను. మా ఇంటికీ కార్ఖానాకూ మధ్య ఒక్క గల్లీయే కాబట్టి మిద్దె మీద పెట్టిన రౌటరు సరిపోయింది. కార్ఖానా ఆసామి మంచివాడు, గోడకు బల్బు బిగించుకోనిచ్చాడు. అవ్వ మీట నొక్కితే ఇంట్లో ఉన్న క్లయింటు కార్ఖానాలోని సర్వరును పిలుస్తుంది, ఒక్క మాట పంపుతుంది, దారి మూసేస్తుంది. అక్కడ బల్బు వెలుగుతుంది. బాపు ఏ సాంచ దగ్గరున్నా కనబడేంత పెద్ద బల్బు. ఆదివారం నాడు నొక్కి చూపించాను. బాపు సాంచెలన్నీ ఆపి, చెమట తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు. ఆ వారమంతా నేను భూమ్మీద నడవలేదంటే నమ్మండి.

రెండు వారాలకు తెలిసింది, అవ్వకు మధ్యలో ఒకనాడు కళ్లు తిరిగితే మీట ముట్టుకోనే లేదని. గోడ పట్టుకుని పక్కింటిదాకా పోయిందట. నాకు ఒళ్లు మండింది. ఇంత చేసి పెడితే నొక్కడానికేం రోగమని అడిగాను. అవ్వ ఆకు కత్తిరించడం ఆపలేదు.

“నొక్కుత సరే. ఆడ లైటెలిగినట్టు నాకెట్ల ఎరుక?”

వెలుగుతుంది అవ్వా, నేను రాశాను, పరీక్షించాను, ఒక్కసారి కూడా తప్పలేదు అని గట్టిగా, మా ఊరి గొంతుతోనే చెప్పాను.

“ఎలిగిందే అనుకో. ఆయన సూసిండో, అటు దిక్కు తిరిగి దారం అతుకుతుండో. గానాడు ఫోను మోగియ్యవడితి, మోగియ్యవడితి. అందిందో లేదో తెల్వకుంట గట్ల పండుకునుడు... పడ్డదానికన్న గదే పానం తీసింది బిడ్డ.”

ఆ రోజు గురించి మేమందరం షుగరు ఎంతకు పడిపోయింది, ఎంతసేపు పడి ఉంది అనే అడిగాం. పడి ఉన్నంతసేపూ ఆమెకు ఎలా ఉండిందో ఎవరమూ అడగలేదు.

ఆ మరుసటి వారం కోరుట్లలో ల్యాబు. పెగడపల్లి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి తన క్లయింటు చూపించింది. పిలిచింది, పంపింది, మూసేసింది. సర్వరు నుంచి తీసుకోవాల్సిన జవాబు ఏదని అడిగాను.

“పంపిన గద మేడం. పోయే ఉంటది.”

తిట్టడానికి నోరు తెరిచాను. కానీ మా ఇంట్లో గోడకున్న క్లయింటు చేస్తున్నదీ అదే. పిలవడం, పంపడం, మూసేయడం. పుట్టినప్పటి నుంచి మోగించి పెట్టేసే ఇంట్లో పెరిగిన నాకు ప్రోగ్రాము రాసేటప్పుడు కూడా అదే చేతికొచ్చింది. అవతలివాళ్లు ఎత్తరు, ఎత్తాల్సిన పని లేదు, వాళ్లే అర్థం చేసుకుంటారు. మా ఇంటి అలవాటు తెచ్చిన తప్పు. మాట అందిందని యంత్రాలు లోలోపల ఒకదానికొకటి చెప్పుకుంటూనే ఉంటాయి, అది ఆ సాకెట్ల పద్ధతి. అవ్వకు కావలసింది యంత్రం కబురు కాదు, బాపు కబురు. ఆ అమ్మాయికి ఇంకో పది నిమిషాలు ఇచ్చి, నేను వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను.

తర్వాతి ఆదివారం మళ్లీ మొదటి నుంచి రాశాను. ఈసారి మాట పంపాక క్లయింటు దారి మూయదు. అవతలి నుంచి జవాబొచ్చేదాకా తెరిచిపెట్టుకుని కూర్చుంటుంది. ల్యాబులో ప్రోగ్రాము ఇట్లా ఎదురుచూస్తూ ఆగిపోతే పిల్లలు మేడం, ఇది బిగుసుకుపోయిందంటూ పరుగెత్తుకొస్తారు. ఇక్కడ మాత్రం ఎదురుచూడడమే దాని పని. కార్ఖానాలో బల్బు కింద బాపుకు కూడా ఒక మీట పెట్టాను. ఆయన చూసి నొక్కితే, అదే దారిలో ఆ మాట వెనక్కొచ్చి, అవ్వ పక్కన చిన్న పచ్చలైటు వెలుగుతుంది. కరెంటు పోయో మరోటయ్యో దారి తెగితే ఆ పచ్చలైటు పక్కనే బ్యాటరీ మీద నడిచే చిన్న ఎర్రలైటు మిణుకుమంటుంది, అప్పుడు పక్కింటికి పోవాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదని దానికి నేర్పాను.

బాపుకు ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా నిదానంగా చెప్పాను. ముందు ఆయనకు నచ్చలేదు. వస్తూనే ఉంటాను కదా, నొక్కుతూ నిలబడితే ఆలస్యం అన్నాడు. అవ్వ అన్న మాట చెప్పాను. ఆయన లేచి కార్ఖానాకు వెళ్లి ఆ మీటను తనే విప్పి, నడిచే దారిలో చేతికి తగిలేంత ఎత్తున మళ్లీ బిగించుకున్నాడు.

వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా అవ్వ నుంచి ఫోను. ఒకసారి మోగి ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. మా అవ్వ నిజంగా మాట్లాడడానికే ఫోను చేసింది. ఫోనెత్తి మెట్ల దగ్గరికి పరుగెత్తాను. మళ్లీ షుగరు పడిపోయిందట. చేతులు వణికి, కళ్లకు మసకలొచ్చి, ఎట్లాగో మీట నొక్కిందట. వెనక నుంచి బాపు గొంతు వినబడుతోంది. నాలుగు సాంచెలు ఆపి వచ్చేసరికి ఆలస్యమైందని ఎవరితోనో గట్టిగా చెబుతున్నాడు. నువ్వు ఎట్లున్నవే, బాపు వచ్చేదాకా ఎట్లున్నవే అని అదే ప్రశ్న రెండుసార్లు అడిగాను.

“పచ్చలైటెలిగింది బిడ్డ,” అంది అవ్వ. “ఆయన సూసిండు, బయలెల్లిండు అని ఎరుకాయె. ఇగ బయ్యం పోయింది. కాళ్లల్ల ఇంత సత్తువచ్చింది. అంటింట్లకు పాక్కుంట పోయి పిడికెడు సక్కెర నేనే బుక్కిన. ఆయనచ్చేటాల్లకు లేసి కూసున్న.”