కాలిన గడ్డివామి, కాఫీ హోటలు తీర్పు

1958వ సంవత్సరం. చింతామణిలో నేను వకీలు బోర్డు పెట్టి అప్పటికి నాలుగేళ్లు. తాతల నాటి గుడి అర్చకత్వం వద్దనుకుని నల్లకోటు వేసుకున్నవాణ్ణి. ఆ రోజుల్లో మా ఊళ్లో కోర్టులు రెండు. ఒకటి సర్కారుది, రెండోది దానికి ఎదురుగా ఉన్న కాఫీ హోటలు. సర్కారు కోర్టులో ముందు విచారణ జరిగి తరువాత తీర్పు వచ్చేది. హోటల్లో తీర్పు ముందే అయిపోయేది, విచారణ తీరిగ్గా కాఫీతో పాటు నడిచేది. పైగా దానిమీద అప్పీలు లేదు.

ఆ యేడు రాగి కోతలయ్యాక, దగ్గరి పల్లెలో మునివెంకటప్ప అనే రైతు గడ్డివామి దీపాలు పెట్టే వేళ అంటుకుంది. పక్కనే నూర్చకుండా ఉన్న రాగి కుప్ప కూడా బూడిదైంది. ఇంటికి ఏడాది తిండి, ఎద్దులకు ఏడాది మేత ఒక్కపూటలో పోయాయి. పోలీసులు పక్క చేను నారాయణప్పను పట్టుకున్నారు. ఇద్దరికీ గట్టు తగాదా ఉంది. ఆ తగాదాలో అతను పదిమంది ముందు "నీ వామి కాలిపోనూ" అని తిట్టాడు. వామి దగ్గర బీడీ ముక్క, అగ్గిపెట్టె దొరికాయి. అతను నల్ల కంబళి కప్పుకుని బీడీ కాలుస్తూ ఆ దారిన పోవడం చూశానని ఒక సాక్షి చెప్పాడు. నిప్పు పెడుతుండగా చూసినవాళ్లు లేరు. చుట్టూ ఉన్న సంగతులు మాత్రం అన్నీ అతని వైపే వేలు చూపించాయి. దీన్నే మేం సర్కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్ అంటాం, అంటే పరిస్థితులు పలికే సాక్ష్యం.

నిప్పు లేనిదే పొగ రాదని హోటల్లో తేల్చేశారు. నిప్పు ఉందని అందరికీ తెలుసు, పెట్టిందెవరన్నదే కదా ప్రశ్న, అన్నాను. వకీలు నోరు కదా అని నవ్వేశారు. నాకు ఒళ్లు మండింది. మా సీమలో గట్టు మీద తగాదా పడి ఎదుటివాడి వామిని, కోళ్లను, గొర్రెలను తిట్టని రైతు ఎవడో చూపించమన్నాను. ఎవరూ చూపించలేదు, అభిప్రాయమూ మార్చుకోలేదు.

నారాయణప్ప తరఫున వకాలతు నేనే పుచ్చుకున్నాను. అతను జామీను మీద బయట ఉన్నాడు. కేసు విచారణకు వచ్చే ముందు ఒకసారి చేలు, దారి చూసి, అతని ఇంటికి వెళ్లాను. గడప దగ్గరే వాళ్లమ్మ నరసమ్మ అడ్డంగా నిలబడింది.

"లోపలికి రావద్దండి సామీ. పురుగులుండాయి. మీకు పొడుం అలవాటుండాది."

చేతులు కడుక్కుంటానన్నాను. ఆమె కదల్లేదు.

"నాలుగో జ్వరం దాటినాయి సామీ. పొగాకు సోకితే అన్నీ సస్తాయి. అరుగు మీదే కూర్చోండి సామీ, మజ్జిగ తెస్తా."

జ్వరం అంటే పట్టుపురుగు ఆకు మాని కుబుసం విడిచే సమయం. నాలుగోది దాటాక అది వంచిన తల ఎత్తకుండా ఆకు తిని గూడు కట్టడానికి సిద్ధమవుతుంది. అప్పుడు పురుగు పోతే పడ్డ పాటంతా పోయినట్టే. అందుకే ఆ రోజుల్లో పట్టు పెంచే ఇంటివాళ్లెవరూ బయట కూడా బీడీ ముట్టరు, పొగాకు నమలరు. అదంతా తెలిసీ నాకు కోపం వచ్చింది. కొడుకు జైలుకు పోవడమా మానడమా అన్నది నా నోటి మీద ఆధారపడి ఉంటే, ఈమె నన్నే గడప తొక్కనివ్వదా! మజ్జిగ సగం తాగాక కోపం పోయి ఆలోచన వచ్చింది. వామి కాలిన నాడు ఇంట్లో పురుగులున్నాయా అని అడిగాను. ఆ పొద్దూ సరిగ్గా ఇంతే, గూటికొచ్చే పురుగులని చెప్పింది.

హోటల్లో కూర్చునేవాళ్లలో సగం మంది ఇళ్లలో పట్టుపురుగులున్నాయి. ఆ ఆచారం వాళ్లూ పాటించేవాళ్లే. అయినా బీడీ ముక్క మాట వచ్చినప్పుడు ఒక్కరికీ అది గుర్తు రాలేదు, నాకూ రాలేదు. మనిషి ఎవరో ముందే ఖాయం చేసుకున్నాక దొరికిన ప్రతిదీ అతనికే సరిపోతుంది.

కోర్టులో సాక్షిని క్రాస్ చేశాను, అంటే ఎదుటి పక్షం సాక్షిని మేం ప్రశ్నించడం. ఇంట్లో పురుగులున్నప్పుడు నువ్వు బీడీ కాలుస్తావా అంటే, ఎట్ల కాలుస్తానని నన్నే వింతగా చూశాడు. ఆ నాడు నారాయణప్ప ఇంట్లో పురుగులున్నాయా అంటే ఉన్నాయని ఒప్పుకున్నాడు.

"మరి నువ్వు చూసిన మనిషి మొగం కనబడెనా?"

"కంబళి కప్పుకోనుండె సామీ. ఆ దారి ఆయప్ప చేనుకే పోతాది కదా. ఆయప్పే అనుకొంటి."

సర్కారు వకీలు తక్కువవాడు కాదు. పగతో వామి తగలబెట్టబోయేవాడు పురుగుల గురించి ఆలోచిస్తాడా, తిరిగి వచ్చి స్నానం చేసి ఉండవచ్చు కదా అన్నాడు. నిజమే. ఉండవచ్చు. లేకపోనూవచ్చు. మేజిస్ట్రేటు నారాయణప్పకు బెనిఫిట్ ఆఫ్ డౌట్, అంటే సంశయ లాభం ఇచ్చి వదిలేశారు. నేరం చేయలేదని కాదు, చేశాడని రుజువు కాలేదని దాని అర్థం.

కోర్టు మెట్ల దగ్గర మునివెంకటప్ప నన్ను ఆపాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది.

"వాడు కాదంటే ఇంగెవరు సామీ? నా యెద్దులు ఏం తినల్ల?"

ఆ రోజు గెలిచిన సంతోషం ఆ మెట్ల మీదే ఆరిపోయింది.

కొన్నాళ్లకు నారాయణప్ప బండి నిండా గడ్డి వేసి మునివెంకటప్ప ఇంటికి తోలించాడు. ఆయన గడ్డంతా దించుకున్నాడు. హోటల్లో కేసు మళ్లీ తెరిచారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్నారు. గడ్డి పంపకపోయి ఉంటే రాతిగుండె అనేవాళ్లు, దాన్నీ సాక్ష్యంగానే రాసుకునేవాళ్లు.

సంశయ లాభం అన్న మాట నేను పుస్తకాల్లో చదివాను, కోర్టులో వాదించాను. దాని బరువు తెలిసింది మాత్రం ఆ తరువాత, నారాయణప్ప నా ఆఫీసుకు వచ్చినప్పుడు. గడ్డి ఎందుకు పంపావప్పా, ఊళ్లో ఏమంటున్నారో తెలుసా అని అడిగాను. మూగజీవాలు ఏం చేశాయన్నాడు. అని, నా మొహంలోకి చూశాడు.

"మీకూ అనుమానమేనా సామీ?"

కోర్టులో అతని కోసం అంతసేపు మాట్లాడినవాణ్ణి. లేదనడం సులువే, కానీ అది అబద్ధమయ్యేది.

"నాకు తెలీదప్పా," అన్నాను.

కోపగించుకుంటాడనుకున్నాను. అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని లేచాడు.

"అంతే చాలు సామీ. ఊర్లో మిగతా అందరికీ తెలిసిపోయిండాది."