ఖాళీ గాజు పెట్టి చూడండన్నా

నిండు సభలో, కన్నతల్లి ముందు, చదువు చెప్పిన లెక్చరర్ల ముందు పరువు మొత్తం ఎలా పోగొట్టుకోవాలో తెలియని వాళ్లుంటే నన్ను అడగండి. నేను పోగొట్టుకున్నాను. అది కూడా ఎవరూ బలవంతపెట్టకుండానే, మార్కాపురంలో నేను చదివిన డిగ్రీ కాలేజీ హాలులో, మైకు పట్టుకుని మరీ పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ కాలేజీ గేటు ముందు నుంచి పోవాల్సి వస్తే ఆటో అతన్ని బతిమాలి ఇంకో వీధిలోంచి తిప్పిస్తాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, గొడవంతా దానితోనే కాబట్టి. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో నేను రీసెర్చి ఇంజనీరును. ఒంట్లోని కణాల లోపల ఏముందో చూపించే మైక్రోస్కోపులు తయారు చేయడం, చెడిపోతే బాగుచేయడం, అవి తీసిన బొమ్మలను కంప్యూటరులో తేటగా చేయడం నా పని. మామూలు మైక్రోస్కోపులో మరీ చిన్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకగా కనిపిస్తాయి. వెలుతురు గీసిన హద్దు అది. ఆ హద్దు దాటి చూసేవి మా సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపులు. ఈ ముక్క మా ఊళ్లో ఎవరికి చెప్పినా, "అయితే కంటి డాక్టరువా?" అంటారు. కాదంటే, "మరి ఫోటోలు తీస్తావా?" అంటారు. ఆలోచిస్తే రెండోది పెద్ద తప్పేమీ కాదు. కానీ అప్పట్లో నాకు కొంచెం తలపొగరు ఉండేది, ఆ మాటకు కోపం వచ్చేది.

మా వీధి చివర దేవదానం మామ ఉంటాడు. తాపీ మేస్త్రి. మా ఇల్లు కట్టింది ఆయనే. చుట్టరికం లేదు గానీ నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ మామే. ఆయన కూతురు కరుణ ఫిజిక్సుతో డిగ్రీ అయ్యాక, నా మాట విని, ఈ మైక్రోస్కోపుల చదువుకు దారితీసే ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. హైదరాబాదులో సీటు వచ్చింది. మామ మనసు మాత్రం కనిగిరిలో బీఈడీ మీద ఉంది. టీచరు ఉద్యోగమైతే నలుగురికీ తెలిసిన ఉద్యోగం, పిల్ల దగ్గర్లో ఉంటుంది. ఎటు పంపేదీ సోమవారం లోపల తేల్చాలి. సరిగ్గా ఆ వారమే, పిల్లలకు ఉద్యోగాల గురించి చెప్పమని మా కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు.

నేను మామ ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాను.

"మామా, శనివారం కాలేజీకి రా. నేను చేసిన మిషను తెచ్చినా. చూసి నువ్వే చెప్పు."

"నాకేం తెలుస్తాది నాయనా."

"తెలిసేదేముంది మామా. కళ్లకు కనపడతాది."

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, వస్తా. నువ్వు చెప్పేది, అది చూపించేది నాకు నమ్మకం కలిగితే పంపిస్తా. లేకుంటే కనిగిరే. ఇంక దాని గురించి నువ్వూ అడగొద్దు, ఈ పిల్లా అడగొద్దు."

కరుణ వాకిట్లో నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది, అంతే. నేను చెయ్యి ఊపాను, నేనున్నాను కదా అన్నట్టు. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇక మిషను. మా ల్యాబులోది ఒక గదంత ఉంటుంది, అది కదలదు. నలుగురికీ చూపించడానికని నేను సొంతంగా చిన్నది ఒకటి చేశాను. పిండి రుబ్బే గ్రైండరంత పెట్టె. నీలం లైటు వేస్తే, రంగు పట్టించిన కణాలు పచ్చగా వెలుగుతాయి, కెమెరా వాటిని తెర మీద చూపిస్తుంది. దాన్ని హైదరాబాదు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్కసీటు ఆయన పసిబిడ్డ అనుకుని కిటికీ మూశాడు.

మాది పలకల ఊరు. మా నాయనకు కూడా పలకలు కోసే చిన్న కార్ఖానా ఉండేది. అక్కడ ఏ మిషనుకైనా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకోకుండా స్విచ్చి వేయరు. మోటారు మారినా పెడతారు, బ్లేడు మారినా పెడతారు. కాబట్టి శనివారం పొద్దున మా అమ్మ పసుపు కలిపిన గిన్నెతో వచ్చింది.

"రవంత పసుపు పెట్టనా దీనికి?"

"వద్దమ్మా. ఇది పలకల మిషను కాదు. దుమ్ము పడితేనే పాడవుతాది. అసలు నువ్వు దీని దగ్గరకే రావద్దు."

"సరేలే నాయనా," అని గిన్నె కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

అమ్మ వెళ్లాక నాకు భయం పట్టుకుంది. హాలులో కరెంటు పోతే? లైటు వెలగకపోతే? మామ లేచి దులుపుకుని కనిగిరి దారి పడితే? నేను సైన్సు చదివినవాడినే, కానీ కార్ఖానాలో పెరిగినవాడిని కూడా. అటూ ఇటూ చూశాను. వేలు గిన్నెలో ముంచి, పెట్టె అడుగున ఎవరికీ కనపడని చోట పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. వేలు తువ్వాలుకు తుడుచుకున్నాను. తర్వాత సామాను సర్దుకున్నాను. బాగా చిన్నవి చూపించే లెన్సుకు, దాని మీద పెట్టే గాజు పలకకు మధ్య ఒక నూనె చుక్క వేయాలి. ఆ నూనె సీసా మూతి కారుతుంటే వేలితో తుడిచి సంచిలో పెట్టాను. ఏ వేలితో అని అడగకండి.

హాలు నిండింది. ముందు వరుసలో ప్రిన్సిపాలు, లెక్చరర్లు. వాళ్ల వెనక దేవదానం మామ, కరుణ. చివరి వరుసలో మా అమ్మ, కొత్త చీరలో. కిటికీలకు పరదాలు దించి చీకటి చేశారు.

"తిరునాళ్లలో కరెంటు పోయిందనుకోండి," అని మొదలుపెట్టాను. "అందరూ ఒకేసారి సెల్లు లైట్లు వేస్తే దూరం నుంచి ఒకటే వెలుగు ముద్ద కనపడతాది. ఎవరెక్కడున్నారో తెలియదు. అదే ఒకరి తర్వాత ఒకరు వేసి ఆర్పేస్తే, ఒక్కొక్కరు ఉన్న చోట చుక్క పెట్టుకోవచ్చు. చుక్కలన్నీ కలిపితే జనమంతా విడివిడిగా కనపడతారు. మా పెద్ద మైక్రోస్కోపు చేసే పని అదే."

మామ తల ఊపాడు. ఇది మాత్రం నేను బాగా చెప్పాను, ఒప్పుకోండి. ఆ రోజు మొత్తంలో నాకు మిగిలింది అదొక్కటే.

"ఇప్పుడు చూపించేవి బతికి ఉన్న కణాలు కావు," అని కూడా చెప్పాను. "మందు వేసి చంపి, కదలకుండా గాజుకు అతికించి తెచ్చినా." లెన్సు మీద నూనె చుక్క వేసి, గాజు పలక పెట్టి, నీలం లైటు వేశాను.

తెర మీద పచ్చటి దారాల్లా కణం లోపలి కట్టడం కనిపించింది. హాలంతా ఆహా అంది. కానీ ఆ దారాల మీద తళతళలాడే చుక్కలు కూడా ఉన్నాయి. అవి మెల్లగా కదులుతున్నాయి. ల్యాబులో అలాంటివి నేనెప్పుడూ చూడలేదు. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగాలి. నా చేతిలో మైకు ఉంది.

"చూసినారా," అన్నాను. "కణంలో సరుకులు మోసే సంచులు ఇవి. కంభం రోడ్డు మీద లారీలు పోయినట్టు పోతా ఉన్నాయి చూడండి. ఇంత చిన్న మిషనులో వీటిని చూసిన వాళ్లు ఇంతవరకు లేరేమో."

చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు సెల్లుతో ఫోటో తీశారు. లారీల గురించి నేను చాలాసేపు మాట్లాడాను. ఏ లారీ ఎటు పోతుందో, ఎందుకు పోతుందో కూడా చెప్పాను. అప్పుడు కరుణ లేచింది.

"అన్నా, ఈ కణాలు చచ్చిపోయినయ్యని చెప్పినారు గదా. మరి ఎట్ల కదులుతా ఉండాయి?"

"మంచి ప్రశ్న," అన్నాను. జవాబు తెలియనివాడు అనే మాట అది. "చచ్చిపోయినా లోపల కాసేపు పని జరుగుతా ఉంటాది."

"ఎప్పుడు చంపినారన్నా?"

"పోయిన వారం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కరుణ నవ్వలేదు. "ఒకసారి ఖాళీ గాజు పెట్టి చూడండన్నా. ఏమీ లేని గాజులో గూడా కనపడితే, అవి కణంలో ఉన్నట్టు కాదు గదా."

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేర్పే మొదటి పాఠం అది. కరుణకు ఫోనులో అది చెప్పిన మహానుభావుణ్ణి నేనే. అయినా నాకు ఒళ్లు మండింది. సరే చూడు అన్నట్టు ఖాళీ గాజు పెట్టాను.

లారీలు ఉన్నాయి. రోడ్లు లేవు, కణాలు లేవు, లారీలు మాత్రం ఇంకా హుషారుగా తిరుగుతున్నాయి.

నూనెలో ఏమైనా పడిందేమోనని సీసాను నీలం లైటు దగ్గర పెట్టి చూశాను. ఆ చీకట్లో సీసా మూతి పచ్చగా వెలిగింది. దాన్ని పట్టుకున్న నా వేలు కూడా గోరు వారన పచ్చగా వెలిగింది.

"సార్ వేలు వెలుగుతా ఉంది," అన్నాడు ఒక పిల్లవాడు.

పసుపు నీలం లైటుకు పచ్చగా వెలుగుతుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. నిజం చెప్పి నవ్వేస్తే అక్కడితో పోయేది. కానీ దేవదానం మామ నన్నే చూస్తున్నాడు. నా నోట్లోంచి ఈ మాట వచ్చింది:

"మా అమ్మ పసుపు పెట్టినట్టుంది. పెద్దవాళ్లు, వద్దని చెప్తే వినరు కదా."

చివరి వరుసలో మా అమ్మ లేచి నిలబడింది.

"నేనెక్కడ పెట్టినా నాయనా? వద్దంటివి గదా, దాని దగ్గరకే రాలేదు. గిన్నె తీసుకుందామని వస్తే నువ్వే పసుపు పెట్టి దండం పెట్టుకుంటా ఉంటివి. మంచిదే గదా అని మాట్లాడకుండా పోయినా."

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ప్రిన్సిపాలు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వును నేను తట్టుకునేవాణ్ణే. తట్టుకోలేనిది మా అమ్మ ముఖం. ఆమెకు కోపం రాలేదు. పక్కావిడతో, "చెప్పగూడదా ఏంది, అబ్బాయికి ఇబ్బందయిందా?" అని అడుగుతోంది. పొద్దున ఆమెను దగ్గరకు రావద్దన్నాను, ఇప్పుడు నలుగురిలో ఆమె మీద నెట్టాను, ఇంకా నాకు ఇబ్బందయిందని ఆమే బాధపడుతోంది. సిగ్గుతో నాకు చెవులు మండిపోయాయి. అంత సిగ్గు అంతకు ముందు ఎప్పుడూ పడలేదు, తర్వాత కూడా పడలేదు.

పెట్టె సర్దుకుని దొంగలా బయటికి వచ్చాను. సైకిల్ స్టాండు దగ్గర మామ, కరుణ నిలబడి ఉన్నారు. కరుణ సీటు నా చేతుల్లోనే పోయిందని అర్థమైపోయింది.

"మామా, నన్ను చూసి ఆ పిల్ల చదువు..."

"పంపిస్తా," అన్నాడు మామ.

నేను సరిగా విన్నానో లేదో అర్థం కాలేదు. "నిజంగానా మామా? మిషను మీద నమ్మకం కలిగిందా?"

"మిషను సంగతి నాకేం తెలుస్తాది? నిన్ను చూసినా గదా." మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గొంతులో ఎగతాళి రవంత కూడా లేదు. "అంత పెద్ద పని మా పిల్ల చెయ్యగలదా అని ఇన్ని రోజులు ఒకటే భయం నాయనా. నీకే ఆ ఉద్యోగం ఇచ్చి నెలనెలా జీతం ఇస్తా ఉండారంటే, మా పిల్లకు ఎందుకియ్యరు? ఇంక నాకు భయం లేదు."

కరుణ తల తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపు కాదని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇంటికి పోయాక అమ్మ దగ్గర కూర్చున్నాను. "తప్పయింది అమ్మా."

"దేనికి, పసుపు పెట్టినందుకా?"

"నీ పేరు చెప్పినందుకు."

"అమ్మ పేరు గాక ఎవరి పేరు చెప్తావులే. అన్నం తిను," అంది. విస్తట్లో పప్పు పసుప్పచ్చగా కనపడుతుంటే ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

కరుణ చదువు అయిపోయింది. ఇప్పుడు మా ల్యాబులోనే రీసెర్చి ఇంజనీరు, పెద్ద మైక్రోస్కోపు ఆమె అధీనంలో ఉంటుంది. నేను ఆ గదిలోకి పోవాలంటే తలుపు దగ్గర ఆపి, "చేతులు చూపించండన్నా," అంటుంది. చూపిస్తాను. దేవదానం మామ మార్కాపురం బస్టాండులో కనిపించినప్పుడల్లా నన్ను పదిమందికీ చూపించి, "ఈయన్ను చూసే మా పిల్లను ధైర్యంగా పంపించినా," అంటాడు. వాళ్లంతా నాకు గౌరవంగా నమస్కారం పెడతారు. నేను తల దించుకుంటే, ఎంత అణకువో అనుకుంటారు.

కాబట్టి ఆ నూనె సీసా మీద ఒట్టు పెట్టి చెప్తున్నాను. ఖాళీ గాజు చూడనిదే మైకు ముట్టను. చచ్చిపోయినవాటిని బతికించను. నా తప్పుకు మా అమ్మ పేరు, ఆమె హాలులో ఉన్నా లేకున్నా, ఈ జన్మలో చెప్పను. ఇక పసుపు పప్పులోకి తప్ప వాడను. భయమేసి ఏ మిషనుకైనా ఒక బొట్టు పెట్టాలనిపిస్తే ముందు కరుణను అడుగుతాను. ఆమె ఎలాగూ ఒప్పుకోదు.