పెళ్లి రీలు, వీణ రికార్డు

ముందే చెబుతున్నాను, ఇది ఒక ఆదివారం మధ్యాహ్నం నా కాపురం కూలిపోవలసిన కథ. కూల్చడానికి నేను చేయగలిగినదంతా చేశాను. నా తెలివి మీద మీకు గౌరవం మిగలాలంటే ఇక్కడితో చదవడం ఆపేయండి.

మాది ఉప్పల్, నాన్న ఉండేది అక్కడే. డెబ్బైల మొదట్లో నాకు నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆ పక్కనే రెండు గదుల అద్దె ఇల్లు. నా భార్య కామేశ్వరిది బందరు. మా పెళ్లిలో మామగారు స్వయంగా విడిదికి కాఫీ తెచ్చారు. "మావోళ్లు చాయ్ తాగుతరు" అన్నాడు మా నాన్న. "మా ఇంట్లో టీ కాచే అలవాటు లేదు" అన్నారు మామగారు. అక్కడ మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. ఏడాదైనా ఇద్దరికీ మాటల్లేవు, మామగారు మా గడప తొక్కలేదు.

కామేశ్వరి మేనమామ ఓడలో పనిచేసేవాడు; ఆయన ఆ పెళ్లంతా చిన్న కెమెరాతో తీశాడు. కాఫీ గొడవను కూడా వదల్లేదు, మహానుభావుడు. రీలూ ప్రొజెక్టరూ మాకే బహుమతిగా ఇచ్చి పోయాడు. మూగ సినిమా. ఒకరోజు పక్కన వీణ రికార్డు తిరుగుతుండగా ఈ రీలు వేశాను. ఇక చూడండి! నా కాళ్ల మీద నీళ్లు పడుతుంటే వీణ స్వరం జలజలా కిందికి దిగింది. మూడు ముళ్లకు మూడుసార్లు టంగుమంది. తలంబ్రాలకు మృదంగం!

"వాయించినామె మన పెండ్లికి గిన వచ్చిందా ఏంది?" అన్నాను.

"వస్తే కాఫీ తాగే వెళ్లి ఉంటుంది. ఆవిడనేమీ అనకండి" అంది కామేశ్వరి.

ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి చివరికి కామేశ్వరి తన తండ్రిని రప్పించింది. ఆయన వస్తూనే "సాయంత్రం బండికి వెళ్లిపోతాను" అన్నారు. కామేశ్వరి నన్ను వంటింట్లోకి లాగింది. కళ్లలో నీళ్లు.

"నాలుగు రోజులుండేలా చేయండి. పెళ్లి సినిమా చూస్తే మెత్తబడతారు. కాళ్లు కడిగే దగ్గర్నుంచే వేయండి. ముందున్న ఆ గొడవ కనబడిందో, నేనూ ఆ బండికే వెళ్లిపోతాను!"

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద!"

ఈ మాట నేనన్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి తగలబడింది.

మండుటెండలో కిటికీలకు దుప్పట్లు కట్టి, ముగ్గురం ఇడ్లీల్లా ఉడుకుతూ కూర్చున్నాం. రీలును కాళ్లు కడిగే దాకా ముందే తిప్పి ఉంచాను. సినిమా మొదలైంది. మామగారు కూతురి బాసికం చూసి కండువాతో కళ్లు ఒత్తుకున్నారు కూడా. అయితే రికార్డు మీద ముల్లు పెట్టడం నేను కాస్త ఆలస్యం చేశాను. తలంబ్రాలు అయిపోయాక వచ్చింది మృదంగం. ఆయనకేం తెలుసు? ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెందుకవుతాను!

"జర ఆగుండ్రి మామయ్యా, సక్కగ కుదురుస్త" అంటూ రీలును వెనక్కి తిప్పే మీట నొక్కాను.

మా నెత్తిమీది బియ్యమంతా ఎగిరి దోసిళ్లలోకి వచ్చింది. మృదంగం అదరగొట్టింది. మంగళసూత్రం విప్పి భద్రంగా పళ్లెంలో పెట్టేశాను. నా కాళ్ల మీది నీళ్లు చెంబులోకి ఎక్కాయి, వీణ కూడా జరజరా పైకెక్కింది!

"మామయ్యా! ఉల్టా తిప్పినా కుదురుతున్నది, సూడుండ్రి!" అని గంతేశాను.

"ఏమండీ, ఆపండి!"

"జర ఆగు!"

ఆ మత్తులో రీలు ఎక్కడిదాకా పోయిందో చూడలేదు. చూసేసరికి గోడ మీద విడిది. నాన్నా మామగారూ ఎడమొహం పెడమొహం. నా చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

గోడ మీద ఇద్దరూ వెనక్కి నడుస్తూ దగ్గరికొచ్చారు. ఎత్తిన వేళ్లు దిగాయి. నేల మీది కాఫీ లేచి గ్లాసులో పడింది. మామగారు ఆ గ్లాసు తిరిగి తీసుకున్నారు. ఇంకా వెనక్కి, ఎదురుకోళ్ల దాకా పోయి ఇద్దరూ చేతులు చాచి గట్టిగా కావలించుకున్నారు. సరిగ్గా అప్పుడే వీణ ఆఖరి మీటు మీటి ఆగింది. రీలు తోక టపటపా కొట్టుకుంది.

కామేశ్వరి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"అల్లుడుగారూ, ఆ గొడవ ముక్క మళ్లీ వేయండి" అన్నారు మామగారు. "ఇలాగే. వెనక్కే."

మూడుసార్లు వేశాను. మూడోసారి ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

"మీ నాన్నగారు నన్నంత గట్టిగా పట్టుకున్నారని మర్చేపోయానయ్యా! ఉప్పల్ బస్సు ఎక్కడ ఎక్కాలి?"

ఆ క్షణాన ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆయన ఎనిమిది రోజులున్నారు, అందులో ఆరు ఉప్పల్‌లోనే.

ఆ రోజే ప్రొజెక్టరు మీద చెయ్యి వేసి, మనస్ఫూర్తిగా ఒట్టు పెట్టుకున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, వియ్యంకుల ముందు పెళ్లి సినిమాను ముందుకు తిప్పను గాక తిప్పను.