మురుగు కాలువకు అటూ ఇటూ

2023 వానాకాలం. అమలాపురంలో మా పేపరు డెస్క్ ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. డెస్క్ అంటే ఊళ్ల నుంచి విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలో సర్దే చోటు. దానికి నేను ఇన్‌చార్జిని. వార్తల్ని దిద్దడం నా ఉద్యోగమనీ, మనుషుల్ని దిద్దడం నా సరదా అనీ మా వాళ్లు చాటుగా అనుకుంటారు. నిజమే, కాదనను.

ఆ ఏడాది జర్నలిస్టులు కావాలనుకునే వాళ్ల కోసం ఒక సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సు పెట్టింది. ఫోన్లో వీడియో పాఠాలు చూడాలి, చివర్లో ఒక అసలైన వార్త రాయాలి. జిల్లాకొక మెంటార్ కావాలన్నారు. మెంటార్ అంటే వెనక ఉండి దారి చూపే మనిషి. మా జిల్లాకు నన్నడిగితే సరేనన్నాను. పాఠాలు బాగానే ఉండేవి గానీ ఉదాహరణలన్నీ మహానగరాలవే. మెట్రో రైలు, అపార్ట్‌మెంట్ల సంఘం, ట్రాఫిక్ జామ్. మా వైపు ట్రాఫిక్ జామ్ అంటే వరికోత మిషన్ వెనక ఇరుక్కున్న ఆర్టీసీ బస్సు.

నా వాటాకు ఇద్దరొచ్చారు. సతీష్‌ది పి.గన్నవరం, కొబ్బరి తోటలున్న రైతు కుటుంబం. డిగ్రీ అయ్యాక సొంతంగా యూట్యూబ్ చానెల్ పెట్టుకుని ఊళ్లో జరిగే ప్రతి కార్యక్రమాన్నీ అందులో చూపించేవాడు. మంచి పిల్లాడు, మాట తీపి, కాస్త గొప్పలెక్కువ. రెండో మనిషి సలోమి. రాజోలు దగ్గర ఒక ఊరి దళితపేటలో ఇల్లు. తండ్రి లేడు. తల్లి అంగన్‌వాడీ టీచరు. సలోమి ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. ఆ అమ్మాయి రాసిన మొదటి అసైన్‌మెంట్ చదివి నేను కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. వాక్యం అంత శుభ్రంగా ఉంది.

కానీ వాళ్లమ్మగారికి ఈ పేపరు పని నచ్చలేదు. కూతురు డీఎస్సీ రాసి గవర్నమెంటు టీచరు కావాలని ఆవిడ కోరిక. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. కోర్సు అయ్యేలోగా సలోమికి పేపర్లో బైలైన్ రావాలి, అంటే వార్త మీద రాసినవాళ్ల పేరు పడాలి. పడకపోతే ఇవన్నీ కట్టిపెట్టి కోచింగ్‌లో చేరిపోవాలి. అప్పట్లో మాకు రాజోలు వైపు కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి, ఖాళీ ఉంది. వార్త బాగుంటే ఆ పని తనకే ఇప్పిద్దామని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. నేను పైకి అంటే పిల్లలు చెడిపోతారు.

వార్తకు విషయం సలోమియే చెప్పింది. వాళ్ల ఊరి మధ్య నుంచి ఒక మురుగు కాలువ పోతుంది. ఇవతల ఒడ్డున రైతుల వీధి. అవతల ఒడ్డున పేట. ఒకప్పుడు పొలం కూలికి వెళ్లిన వాళ్ల పిల్లలు ఇప్పుడక్కడ టీచర్లు, నర్సులు, గుమాస్తాలు. ఆ కాలువ నిండా గుర్రపుడెక్క పట్టేసి, వాన పడితే ఇటు చేలూ అటు ఇళ్లూ మునుగుతున్నాయి. వేసవిలో మిషన్ పెట్టి తీయించారు కూడా. మరి మళ్లీ ఎందుకు పూడిందో ఎవరూ పైకి చెప్పడం లేదు.

సరిగ్గా అదే వారం కోర్సులో డైవర్సిటీ మీద పాఠం వచ్చింది. ఎప్పుడూ మనవాళ్లనే అడగకూడదు, మనది కాని వాడకు వెళ్లి అక్కడి గొంతులు వినాలి అని ఆ వీడియోలో ఒకాయన చాలా చక్కగా చెప్పాడు. సరే, పాఠం ప్రకారమే నడుద్దామని సతీష్‌ను పేటకూ, సలోమిని రైతుల వీధికీ పంపించాను. రైతుల వీధిలో సతీష్‌కు మేనమామ ఉన్నారు. ఆయన దగ్గరికే వెళ్లమని సలోమికి చెప్పాను.

సతీష్ సాయంత్రానికల్లా తిరిగొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. పేటలో ఎంత మర్యాదగా చూశారో చెప్పడానికే అరగంట పట్టింది. వెళ్లగానే ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారట, బొండం కొట్టి ఇచ్చారట, ఏ ఇబ్బందీ లేదన్నారట. కోర్సు వాళ్లిచ్చిన ఆన్‌లైన్ ఫారంలో సోర్సుల వివరాలు నింపాలి. సోర్స్ అంటే మనకు సమాచారం చెప్పిన మనిషి. మహిళలు అన్న గడిలో ఒకటి అని వేశాడు. ఆవిడేం చెప్పిందని అడిగాను. ఇంకో బొండం కొట్టమంటారా అని అడిగిందన్నాడు.

సలోమికి కుర్చీ పడలేదు, బొండం రాలేదు. సతీష్ మావయ్య గారు అరుగు మీద నుంచే ఎవరమ్మాయివమ్మా అని అడిగి, వాళ్ల నాన్న పేరూ ఇల్లూ కనుక్కుని, సంగతి తెలిశాక, ఇవన్నీ ఆఫీసర్లను అడగాలమ్మా, మాకేం తెలుస్తుంది అన్నారట. మాట కటువుగా లేదు. గేటు మాత్రం తెరవలేదు. రేపు రమ్మన్నారు. రేపు వెళితే ఎల్లుండి రమ్మన్నారు. మూడోసారి వెనక్కి వచ్చి నాకు ఫోన్ చేసింది.

"పోనీలెండి మేడంగారూ. అమ్మకి మాటిచ్చేను కదండీ, కోచింగ్‌లో చేరిపోతాను" అంది. గొంతు మామూలుగానే ఉంచాలని చాలా ప్రయత్నం చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ గేటు మీద, ఆ వీడియోలో చక్కగా మాట్లాడినాయన మీద, ఆయన మాట పట్టుకుని పంపించిన నా మీద కూడా.

మర్నాడు ఇద్దర్నీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, సతీష్ రికార్డింగ్ వినిపించమన్నాను. బొండం గురించి అడిగినావిడ గొంతే వినబడింది. "మాకేం లోటండి బాబూ, బాగానే ఉన్నామండి" అంటోంది. సలోమి ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ గొంతు వాళ్ల పెద్దమ్మదట. ఆ మాట అనేటప్పటికి ఆవిడ వంటింట్లో చీలమండ లోతు నీళ్లున్నాయట.

సతీష్ ముఖం పాలిపోయింది. "మరి నాకు అబద్ధం చెప్పేరాండీ?" అన్నాడు.

"అబద్ధం కాదండి, మర్యాద. కుర్చీలో కూర్చున్న పెద్దింటి అబ్బాయితో కష్టం చెప్పుకుంటారేంటండీ ఎవరైనా?" అంది సలోమి.

పాతికేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఇంటర్వ్యూ గురించి ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సంగతి నాకెవరూ చెప్పలేదు. పాఠం తప్పని కాదు. వేరే వాడకు వెళ్లమంది, సరే. వెళ్లినవాళ్లను అక్కడి వాళ్లు ఎలా చూస్తారో చెప్పడం మరిచిపోయింది. ఈసారి ఇద్దరూ కలిసి, రెండు చోట్లకూ వెళ్లమన్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక పేటకు వెళ్లారు. కుర్చీ రాబోతుంటే సలోమి వద్దని లోపల పెట్టించేసి, పెద్దమ్మగారింట్లో నీళ్లు తోడిపోసే పని సతీష్‌కు అప్పజెప్పింది. అతను ప్యాంటు మడిచి బకెట్ పట్టుకున్నాడు. మూడో బకెట్‌కల్లా పెద్దమ్మగారికి జాలేసి, పేటలో తమలో తాము అనుకునే మాటే అతని ముందు కూడా అన్నారు. మిషన్ వాళ్లు తీసిన గుర్రపుడెక్కనంతా పేట ఒడ్డునే గుట్టలు పోసి వెళ్లిపోయారు. నడిచే దారి దాని కింద పడిపోయింది. మొదటి వానకే సగం జారి మళ్లీ కాలువలో పడింది. రైతులే మిషన్‌ను తొందరగా పంపించేశారని పేటలో అందరి అనుమానం.

తర్వాత మావయ్య గారింటికి వెళ్లారు. ఈసారి గేటు తెరుచుకుంది. ఆయన లోపలికి కేకేసి ఒక కుర్చీ తెప్పించి మేనల్లుడికి వేయించారు. సతీష్ కూర్చోలేదు.

"అడిగేది సలోమి గారు మావయ్యా. నేను రాసుకునేవాణ్ణి" అన్నాడు.

 మావయ్య గారు కొబ్బరి చెట్ల వైపు చూస్తూ ఉండిపోయారట. అప్పుడు లోపల్నుంచి అత్తయ్య గారే ఇంకో కుర్చీ తెచ్చి మొదటిదాని పక్కన వేసి, కూర్చోమ్మా అన్నారు. ఇది సతీష్ నాకు ఫోన్లో చెబుతున్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. డెస్క్‌లో ఎవరైనా చూస్తారేమోనని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

కూర్చున్నాక సలోమి అడగాల్సినవన్నీ అడిగింది. మిషన్ కాలువ మీది వంతెన దాకే వచ్చి ఆగిపోయిందనీ, ఎగువన తమ పని అయిపోయింది కదా అని రైతులు పట్టించుకోలేదనీ, ఇప్పుడు దిగువన తమ చేలు కూడా మునిగాయనీ ఆయన ఒప్పుకున్నారు. పేట వాళ్లు చెత్త పోయడం వల్లే కాలువ పూడిందని ఇన్నాళ్లూ అనుకున్నారట. ఒడ్డున గుట్టల సంగతి సలోమి చెబితేనే తెలిసింది. ఇంటి అరుగు మీద నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనబడుతుంది. ఆయన అటు చూడలేదు, అంతే.

సంబంధిత ఆఫీసు వివరణ కూడా తీసుకుని వార్త పంపారు. నేను రెండు కామాలు తప్ప ఏమీ మార్చలేదు. పేర్లు ఏ వరసలో వేయాలని అడిగితే, సలోమిదే ముందు వేయమని సతీష్ పట్టుబట్టాడు. "నా పేరు చూస్తే మా మావయ్య మన పిల్లాడి పేరు పడిందని మురిసిపోయి, అక్కడితో చదవడం ఆపేస్తారండి" అన్నాడు. ఆ మాటలో తర్కం కన్నా మంచితనం ఎక్కువుంది. అలాగే వేశాను.

వార్త పడిన పది రోజులకు మిషన్ మళ్లీ వచ్చింది. ఈసారి వంతెన దాటి దిగువదాకా తీసి, గుట్టల్ని కూడా లారీల్లో ఎత్తుకెళ్లింది. సలోమి వాళ్లమ్మగారు నాకు స్వయంగా ఫోన్ చేశారు. కోచింగ్ గురించి అంటారేమోనని కాస్త భయపడ్డాను. "డీఎస్సీ ఎప్పుడు పడుతుందో వాళ్లకే తెలీదులెండి. ఇందులో మాత్రం పేరు పడింది కదండీ" అన్నారు. ఆ నెల నుంచే సలోమి మా రాజోలు కంట్రిబ్యూటర్. సతీష్ చానెల్ అలాగే నడుస్తోంది. ఇప్పుడందులో పేటలు కూడా కనబడుతున్నాయి.

ఆ తర్వాత డెస్క్‌లో నా పద్ధతి ఒకటి మారింది. మా పేపర్లలో ఒక పాత అలవాటుంది. ఎవరితో మాట్లాడినా, ఎవరితో మాట్లాడకపోయినా, వార్త చివర "గ్రామస్థులు తెలిపారు" అని రాసేస్తాం. ఆ వాక్యం కనబడితే ఇప్పుడు నేను విలేకరికి ఫోన్ చేసి, ఏ గ్రామస్థులు, ఎక్కడుంటారు, నిన్నెక్కడ కూర్చోబెట్టి చెప్పారు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మొన్న ఒకరోజు పేజీలో చోటు చాలక, సలోమి పంపిన వార్తలో మాట్లాడిన నలుగురి పేర్లు తీసేసి, ఆ పాత వాక్యమే పెట్టాను. ప్రింటింగ్‌కు వెళ్లేలోపు పేజీని విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెడతాం. అందులో చూసుకుందో ఏమో, ఫోన్ మోగింది.

"ఏ గ్రామస్థులండీ, మేడంగారూ?" అంది.

 అదే పేజీలో పైనున్న శాలువా సన్మానం ఫొటో తీసేసి, ఆ నలుగురి పేర్లూ వెనక్కి పెట్టాను.